చేపల జాడ, ఇంటి దారి

ఈరీ సరస్సుమీద మంచు కరిగి నీరు కనబడగానే ఓహాయో ఉత్తర తీరాన స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కొన్నిటికి ఒక కొత్త సమస్య ఎదురవుతుంది. ఇంటి ముందు ట్రైలరుపైన పదహారో, పద్దెనిమిదో అడుగుల అల్యూమినియం పడవ ఒకటి వచ్చి నిలుస్తుంది. కొన్నది క్లీవ్‌లాండులోనో టొలీడోలోనో ఉద్యోగం చేసుకొంటున్న నలభై ఏళ్ళ గృహస్థు. బాల్యంలో కాలువగట్టున వెదురుకర్రకు గాలం కట్టి జెల్లలు పట్టిన అనుభవం తప్ప నీటిమీది ప్రయాణానికి సంబంధించిన విద్య ఏదీ ఆయనకు లేదు. వాల్‌ఐ చేపల కాలం దగ్గరపడుతోంది. దుకాణంలో గోడ నిండా మెరిసే తెరలు. గార్మిన్, లోరెన్స్, హమ్మిన్‌బర్డ్, ఫురునో అంటూ పేర్లు. అయిదంగుళాల నుండి పదహారంగుళాల దాకా పరిమాణాలు. కొన్ని వందల డాలర్ల నుండి కొన్ని వేల డాలర్ల దాకా ధరలు. వీటిలో ఏది ఎక్కువ చేపలను చూపిస్తుందని ఆయన అడుగుతాడు. అమ్మేవాడు సంతోషంగా జవాబు చెబుతాడు.

ప్రశ్నే పక్కదారిలో మొదలయింది గనుక, జవాబు ఎంత సరయినదయినా ప్రయోజనం స్వల్పం. ఆ పడవలో ఆయన ఒక్కడే వెళ్ళడు. ఆదివారం పూట పదేళ్ళ కొడుకునో కూతురునో వెంట తీసుకొని వెళతాడు. ఆయన కాలు జారి నీట పడినా, గుండెనొప్పితో కూలబడినా, ఆ బిడ్డకు ఆ యంత్రం ఏమి చెబుతుంది? ఒడ్డు ఎటువైపు ఉందో చూపుతుందా? చూపినా, బిడ్డకు అర్థమయ్యే రీతిలో చూపుతుందా? చిన్న పడవకు ఎలక్ట్రానిక్ పరికరాలు ఎంచుకొనేటప్పుడు మొదటి కొలబద్ద ఇదే కావాలి. చేపల సంగతి రెండవది. ఈ క్రమాన్ని తలకిందులు చేసి డబ్బు ఖర్చు పెట్టేవారే ఎక్కువమంది కావడం విచారించదగిన విషయం.

చేపల జాడ చెప్పే యంత్రమూ, ఉపగ్రహాల సాయంతో దారి చూపే యంత్రమూ రెండూ మూలంలో గడియారాలే. మొదటిది నీటిలోకి ఒక ధ్వని స్పందనను పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. రెండవది ఆకాశం నుండి వచ్చిన రేడియో సంకేతం ప్రయాణించిన కాలాన్ని కొలుస్తుంది. కాలాన్ని వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. అంతకు మించిన రహస్యం దేనిలోనూ లేదు. ఈ ఒక్క విషయం గ్రహించినవాడు దుకాణదారుడి మాటల్లో సగానికి పైగా తానే తూచుకోగలడు.

కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల బెడద తీవ్రమయినప్పుడు, 1917 ప్రాంతంలో, లాంజ్‌విన్ అనే భౌతిక శాస్త్రవేత్త క్వార్ట్జ్ పలకలను నీటిలో పలికించి ప్రతిధ్వనిని పట్టుకొన్నాడు. చేపల వేటకు పనికివచ్చే యంత్రాన్ని జపానులో ఫురునో సోదరులు 1948లో తెచ్చారు. అమెరికాలో మంచినీటి వేటగాళ్ళ చేతికి అది లోరెన్స్ కుటుంబం ద్వారా 1950ల చివరలో అందింది. నేడు పడవ వెనుక పలకకు బిగించే ట్రాన్స్‌డ్యూసర్‌లో క్వార్ట్జ్ ఉండదు. సీసము, జిర్కోనియము, టైటానియముల ఆక్సైడులు కలిపి కాల్చిన పింగాణి బిళ్ళ ఉంటుంది. తెర ఎంత పెద్దదయినా నీటితో మాట్లాడేది ఆ బిళ్ళే. అందువల్ల రెండంగుళాల చిన్న తెరతో సరిపెట్టుకొని, మిగిలిన డబ్బు మంచి ట్రాన్స్‌డ్యూసర్ మీద పెట్టడం వివేకం.

మంచినీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోతుంది. అరవై అడుగుల లోతుకు వెళ్ళి రావడానికి దానికి సుమారు 25 మిల్లీసెకన్లు చాలు. మనిషి రెప్పపాటులో అది నాలుగయిదుసార్లు వెళ్ళిరాగలదు. తిరిగివచ్చే ధ్వనిని పంపేది చేప మాంసం కాదు. మాంసం సాంద్రత నీటికి చాలా దగ్గర. ధ్వని దానిలోనుండి ఇంచుమించు అడ్డు లేకుండా సాగిపోతుంది. చేప కడుపులో, తేలడానికి ఉపకరించే గాలితిత్తి ఒకటి ఉంటుంది. నీటికీ గాలికీ మధ్యనున్న ఆ సరిహద్దే ధ్వనిని గట్టిగా వెనక్కి కొడుతుంది. తెరమీద కనబడేది చేప అనడం కంటె చేప మింగి దాచుకొన్న గాలి అనడం సబబు. అట్లాంటిక్ మాకరెల్‌కు గాలితిత్తి లేదు. అందుకే దాని ప్రతిధ్వని బలహీనం. ఆ మాకరెల్‌కు దాయాది అయిన చేప ఒకటి తెలుగు తీరంలో ఉంది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను వర్ణిస్తూ పాట్రిక్ రస్సెల్ 1803లో లండన్‌లో ప్రచురించిన గ్రంథంలో దానిని జాలరులు పిలిచే పేరుతోనే 'కానగుర్త' అని పేర్కొన్నాడు. క్యువియే 1816లో ఆ పేరునే శాస్త్రనామంలో నిలిపాడు. ప్రపంచంలోని ఏ మత్స్య శాస్త్రవేత్త అయినా నేటికీ ఆ చేపను తెలుగు పేరుతోనే పిలవాలి! మన పిల్లలకు చెప్పదగిన సంగతి ఇది.

తెరను ఛాయాచిత్రంగా భావించడం కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. తెర కుడి అంచు మాత్రమే వర్తమానం. దాని ఎడమన ఉన్నదంతా గడిచిపోయిన కాలం. చేప పడవకింది ధ్వని శంకువులోకి ప్రవేశించినప్పుడు కొంచెం దూరంగా, నడిమికి వచ్చినప్పుడు దగ్గరగా, వెలుపలికి పోయేటప్పుడు మళ్ళీ దూరంగా ఉంటుంది గనుక దాని జాడ విల్లులా వంగి కనబడుతుంది. పడవా చేపా రెండూ కదలకపోతే అదే చేప పొడుగాటి గీత అవుతుంది. గీత పొడుగును చూసి చేప పెద్దదని మురిసేవారు లేకపోలేదు. దాదాపు అన్ని యంత్రాలలోనూ, ఆ జాడలకు బదులు చిన్న చేపబొమ్మలు చూపే సదుపాయం ఒకటి ఉంటుంది. దానిని మొదటి రోజే ఆపివేయడం మంచిది. కొట్టుకొనిపోయే నాచుముక్కకూ, గాలి బుడగల గుంపుకూ కూడా యంత్రం నిర్మొహమాటంగా చేపబొమ్మ గీస్తుంది.

ఆ శంకువు వైశాల్యం కూడా తెలిసి ఉండాలి. సాధారణంగా 200 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద శంకువు కోణం 20 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఈరీ సరస్సు పడమటి భాగపు సగటు లోతు 24 అడుగులు. ఆ లోతులో ఆ శంకువు అడుగున ఎనిమిదిన్నర అడుగుల వలయం మాత్రమే పడుతుంది. అంటే తెర ఖాళీగా ఉన్నంత మాత్రాన సరస్సులో చేపలు లేవని కాదు. ఆ ఎనిమిదిన్నర అడుగులలో లేవని మాత్రమే అర్థం. పౌనఃపున్యం పెరిగినకొద్దీ తరంగదైర్ఘ్యం తగ్గి సూక్ష్మ వివరం కనబడుతుంది: 50 కిలోహెర్ట్జ్ వద్ద మూడు సెంటీమీటర్లు, 200 వద్ద ఏడు మిల్లీమీటర్లకు కొంచెం పైన, 800 వద్ద రెండు మిల్లీమీటర్ల లోపు. కాని వివరం పెరిగినకొద్దీ ధ్వని చేరగల లోతు తగ్గుతుంది. ఒకే పౌనఃపున్యం కాక, ఒక స్పందనలోనే కింది నుండి పైకి పౌనఃపున్యాన్ని జరుపుతూ పంపే 'చర్ప్' పద్ధతి, దగ్గర దగ్గరగా ఉన్న రెండు చేపలను విడదీసి చూపడంలో నిజంగా మేలయినది. దానికి అదనంగా ఇచ్చే డబ్బు వృథా కాదు.

ఇక్కడ సముద్రానికీ సరస్సుకూ గల భేదం ఆసక్తికరం. ఒకే యంత్రం 200 కిలోహెర్ట్జ్ వద్ద సరస్సులో చేరగలిగినంత లోతుకు సముద్రంలో చేరలేదు. ఉప్పునీరు ధ్వనిని అనేక రెట్లు ఎక్కువగా మింగివేస్తుంది. దోషి ఉప్పే అని ఎవరయినా అనుకొంటారు; కాని వంటింటి ఉప్పు నిరపరాధి. సముద్రజలంలో దానికంటె ఎంతో తక్కువ మోతాదులో ఉన్న మెగ్నీషియం సల్ఫేట్ చేసే పని అది అని 1940ల చివరలో తేలింది. నీటిలో మెగ్నీషియం, సల్ఫేట్ అయానులు కొన్ని జంటగానూ, కొన్ని విడివిడిగానూ ఉంటాయి. ధ్వని పీడనం పెరిగినప్పుడు ఆ సమతుల్యత ఒకవైపుకు, తగ్గినప్పుడు మరొకవైపుకు ఒరుగుతుంది. ఆ ఒరగడానికి కొంత కాలం పడుతుంది. ఆ ఆలస్యంలో ధ్వని శక్తి వేడిగా మారిపోతుంది. ఈ ప్రక్రియ తీవ్రంగా జరిగే పౌనఃపున్యాలు సరిగ్గా చేపల యంత్రాలు వాడేవే కావడం వేటగాడి దురదృష్టం. కనుక ఫ్లారిడా సముద్రంలో వేటాడే మిత్రుడు సిఫారసు చేసిన శక్తిమంతమయిన యంత్రం ఈరీలో అనవసరం. ఆ సరస్సు ఎంత లోతయిన చోటనయినా 210 అడుగులే. పెట్టెమీద రాసిన వాట్లను కూడా జాగ్రత్తగా చదవాలి. 4,000 వాట్లు అని పెద్ద అక్షరాలతో వేసినది శిఖరం నుండి శిఖరానికి కొలిచిన అంకె అయితే, నిజమయిన సగటు శక్తి అందులో ఎనిమిదవ వంతు, అంటే 500 వాట్లు. ఈరీకి అంత కూడా అక్కరలేదు.

వేసవి చివర సరస్సు నడిమి భాగంలో తెరమీద, అడుగుకు కొంచెం ఎగువన, సన్నని మబ్బుపొర వంటిది ఒకటి కనబడుతుంది. అది యంత్రదోషం కాదు. పైనున్న వెచ్చని నీటికీ కింది చల్లని నీటికీ మధ్య సరిహద్దు. అక్కడ పోగయిన సూక్ష్మప్రాణులు ధ్వనిని చెదరగొడతాయి. పొలాలనుండి కొట్టుకువచ్చిన ఫాస్ఫరస్‌తో బలిసిన నాచు చచ్చి అడుగుకు చేరి కుళ్ళేటప్పుడు అక్కడి ఆక్సిజన్‌ను హరిస్తుంది. ఆ పొరకు దిగువన చేపలకు ఊపిరాడదు. అక్కడికి గాలం దించి గంటలు గడిపేవాడికి యంత్రం ఇచ్చే సలహా అతి స్పష్టం, చదవడం వస్తే. టొలీడో నగరంలో 2014 ఆగస్టులో కుళాయినీరు తాగవద్దని ప్రకటించవలసి వచ్చింది కూడా ఈ నాచుజాతి విషం వల్లనే. చేప కోసం కొన్న యంత్రం సరస్సు ఆరోగ్యాన్ని కూడా చూపిస్తుందన్నమాట.

ట్రాన్స్‌డ్యూసర్‌ను ఎక్కడ బిగించారన్నది ఏ కంపెనీదన్న దానికంటె ముఖ్యం. ఇంజను పంకా లేపే బుడగలకు దూరంగా, పడవ అడుగుకు కొంచెం దిగువగా ఉండాలి. లేకపోతే పడవ వేగం అందుకోగానే తెర చెల్లాచెదురవుతుంది. అల్యూమినియం పడవకు రంధ్రం చేసి కంచు బిగింపులు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయరాదు. రెండు వేర్వేరు లోహాలు, మధ్య నీరు - అది విద్యుత్ ఘటం కాక మరేమిటి? ఆ ఘటంలో కరిగిపోయేది అల్యూమినియం, అంటే పడవే.

ఇక దారి చూపే యంత్రం. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే స్థానం తేలుతుంది. కాలంలో ఒక మైక్రోసెకను పొరపాటు నేలమీద 300 మీటర్ల పొరపాటు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సూత్రాల ప్రకారం ఆ ఎత్తులోని గడియారాలు రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుస్తాయి. ఆ సవరణ ముందుగానే చేయకపోతే ఒక్క రోజులో పది కిలోమీటర్లకు మించిన దోషం పేరుకొనేది. 1983 సెప్టెంబరులో దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చివేసిన తరువాత, ఈ సైనిక వ్యవస్థను పౌరులకు కూడా ఇస్తామని అమెరికా ప్రకటించింది. అయినా 2000 మే 1 వరకు పౌరులకు అందే సంకేతంలో కావాలని దోషం కలిపేవారు. వంద మీటర్ల దాకా తేడా ఉండేది. నేడు అతి చవకరకం యంత్రంలోనూ స్థానం కొద్ది మీటర్ల లోపు తెలుస్తుంది. కనుక ఖచ్చితత్వం కోసం ఖరీదయినది కొనడం అవివేకం. చూడవలసినవి వేరే ఉన్నాయి: ఎండలో తెర చదవడానికి వీలుగా ఉందా, తడి చేతులతో నొక్కడానికి మీటలు ఉన్నాయా, వచ్చిన దారిని గీతగా గీసి చూపుతుందా, 'ఇంటికి' అన్న గుర్తు ఒక్క నొక్కులో దొరుకుతుందా?

దాని పరిమితులు కూడా తెలిసి ఉండాలి. పడవ నిలిచి ఉన్నప్పుడు ముక్కు ఎటు చూస్తున్నదో ఉపగ్రహ యంత్రానికి తెలియదు. కదిలినప్పుడే దానికి దిశ తెలుస్తుంది. పొగమంచులో ఇంజను ఆగిన పడవలో తెరమీది బాణం గిరగిరా తిరుగుతుంటే భయపడేవారు, ముప్ఫయి డాలర్ల దిక్సూచిని ఎందుకు వద్దనుకొన్నామా అని చింతిస్తారు. పటంలో రాసిన లోతు కూడా శాశ్వతం కాదు. నైరుతి గాలి గట్టిగా వీస్తే ఈరీ నీరు తూర్పున బఫెలో వైపు పోగయి, పడమట టొలీడో వైపు కొన్ని అడుగులు తీస్తుంది. పటం ఆరు అడుగులన్న చోట రెండడుగులే ఉండవచ్చు. ఆ సమయంలో పటం చెప్పేది కాదు, ట్రాన్స్‌డ్యూసర్ చెప్పేది నమ్మాలి. రెండు యంత్రాలూ ఒకే తెరలో ఉన్న రకం చిన్న పడవకు ఉత్తమమనడానికి ఇదే ప్రధాన కారణం: ఒకటి పొరబడినప్పుడు రెండవది పక్కనే కనబడుతుంది.

అయితే అన్నిటికంటె ముందు కొనవలసినది ఈ రెండూ కాదు, వీహెచ్ఎఫ్ రేడియో. దానికి రెండు మూడు వందల డాలర్లు చాలు. దానిమీద మూత కింద ఒక ఎర్ర మీట ఉంటుంది. మూత ఎత్తి కొన్ని క్షణాలు నొక్కిపడితే ఆపద సందేశం, పడవ గుర్తింపు సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు కోస్ట్‌గార్డ్‌కూ చుట్టుపక్కల నౌకలకూ చేరుతాయి. కాని తొమ్మిది అంకెల ఆ గుర్తింపు సంఖ్యను నమోదు చేయించి ఉండాలి. రేడియోకు ఉపగ్రహ యంత్రం నుండి తీగ కలిపి ఉండాలి, లేదా దానిలోనే ఆ సదుపాయం ఉండాలి. ఈ రెండు పనులూ చేయించక, పెట్టెలోనుండి తీసి బిగించి ఊరుకొన్న రేడియోలు రేవులలో ఎన్నో కనబడతాయి. జేబులో సెల్‌ఫోన్ ఉంది కదా అనేవారికి ఒకే జవాబు: అది నీటిలో పడినవాడితో పాటే నీటిలో పడుతుంది. ఇరవై ఆరడుగుల లోపు పడవలు నడిపేవారు ఇంజను ఆపే తాడును ఒంటికి తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ నుండి చట్టమే ఉంది. లైఫ్‌జాకెట్ సంగతి చెప్పనక్కరలేదు. విహార పడవ ప్రమాదాలలో మునిగి మరణించేవారిలో పదింట ఎనిమిదిమందికి పైగా దానిని తొడుక్కోనివారే అని కోస్ట్‌గార్డ్ లెక్కలు చెబుతున్నాయి.

ఈ మాటలు అతిజాగ్రత్త అనిపించేవారు తెలుగు తీరాన్ని ఒకసారి తలచుకోవాలి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటినప్పుడు వేటకు వెళ్ళి ఉన్న జాలరులు వందలాదిగా తిరిగిరాలేదు. చేపలు ఎక్కడున్నాయో వారికి తెలియక కాదు. తుఫాను ఎక్కడుందో తెలియక. విశాఖ జాలరులు యారాడ కొండనూ లైట్‌హౌసునూ ఒక వరుసకు తెచ్చి సముద్రంలో తమ చోటు గుర్తుపట్టగలరు. ఏ ఉపగ్రహం అక్కరలేని విద్య అది. కాని కొండ కనబడనంత దూరం పోయాక ఆ విద్య చాలదు. 1999లో హైదరాబాదులో నెలకొన్న సముద్ర సమాచార కేంద్రం, నీటి ఉష్ణోగ్రతనూ పత్రహరితాన్నీ ఉపగ్రహాలతో కొలిచి, చేపలు దొరకగల చోట్లను తెలుగులో తెలియజేస్తున్నది. 2019లో 'జెమిని' అనే చిన్న పరికరాన్ని తెచ్చారు. సెల్‌ఫోన్ అందని నడిసముద్రంలో కూడా తుఫాను హెచ్చరిక అందించడం దాని పని. అది వినిపిస్తుందే గాని జాలరి మాటను ఒడ్డుకు చేర్చలేదు. ఆ లోటు చిన్నది కాదు.

ఉత్తరాంధ్ర నుండి గుజరాత్‌కు వలస వెళ్ళి అక్కడి మరపడవలలో పనిచేస్తున్న జాలరులు 2018 నవంబరులో పాకిస్తాన్ జలాలలో ప్రవేశించారన్న అభియోగంపై పట్టుబడ్డారు. ఇరవైమంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చారు. ఏడాదికి పైగా చెర. నీటిమీద గీత ఎవరికీ కనబడదు. ఈరీ సరస్సు మధ్యలోనూ కెనడా సరిహద్దు అలాగే కనబడకుండా పోతుంది; అక్కడ గీత దాటి గాలం వేసినవాడికి ఓహాయో లైసెన్సు చెల్లదు, జరిమానా పడవచ్చు, అంతే. ఒకే పొరపాటుకు రెండు చోట్ల రెండు వెలలు. తెరమీది ఆ సన్నని గీత విలువ తెలియాలంటే శ్రీకాకుళం తీరంలోని ఇళ్ళలో అడగాలి.

ఇటీవల పడవ ముందు నీటిలో చేప కదలికను అప్పటికప్పుడు చలనచిత్రంలా చూపే సోనార్‌లు వచ్చాయి. 2018 నుండి ఇవి విరివిగా దొరుకుతున్నాయి. తక్కిన సరంజామా మొత్తానికి సరిపోయే డబ్బు దీనికొక్కదానికే అవుతుంది. గాలం దగ్గరికి చేప వచ్చి, వాసన చూసి, వద్దనుకొని వెళ్ళిపోవడం కూడా తెరమీద చూడవచ్చు. అది వేట అవుతుందా అన్న వాదం అమెరికాలో తీవ్రంగానే నడుస్తున్నది; కొన్ని పోటీలలో దాని వాడుకపై పరిమితులు కూడా పెట్టారు. ఆ వాదం ఎటు తేలినా ఆదివారపు వేటగాడికి అది అనవసరపు ఖర్చే. పైగా దానిని చూస్తూ కూర్చున్నవాడు తల ఎత్తి పడమటి ఆకాశం చూడడు. ఈరీ లోతు తక్కువ సరస్సు. గాలి లేచిన కొద్దిసేపటికే పొట్టి, నిటారు అలలు లేస్తాయి. పద్దెనిమిది అడుగుల పడవకు మబ్బును ముందుగా చూసే కళ్ళు కావాలి.

యంత్రం కొన్న తరువాత మొదటి ఆదివారం గాలాలు ఇంట్లోనే ఉంచి వెళ్ళడం మంచిది. రేవు విడిచే ముందు ఆ చోటును గుర్తుగా నమోదు చేయాలి. రేవు ముఖద్వారం వద్ద తాడుకు సీసపు గుండు కట్టి దించి, తాడు చెప్పిన లోతూ తెర చెప్పిన లోతూ సరిపోయాయో లేదో పిల్లల చేతనే చూపించాలి. పాతకాలపు ఆ తాడుకంటె వారికి నచ్చే పాఠం ఉండదు. రెండు మైళ్ళు పోయి ఇంజను ఆపి, ఎర్ర మీట మూత ఎత్తి, ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కకూడదో చెప్పాలి. తరువాత తండ్రి ముందు బల్లమీద కూర్చొని చేతులు జేబులో పెట్టుకోవాలి. తల్లి చుక్కాని పట్టుకొంటుంది. తెరమీద వచ్చిన దారి గీతను చూస్తూ "కుడికి, ఇంకొంచెం కుడికి" అని పదేళ్ళ కూతురు చెబుతుంది. తండ్రి నోరు మెదపకుండా పడవ రేవు చేరితే, కొన్న యంత్రం ఆ ఇంటికి సరిపోయినట్లే. చేరకపోతే, దుకాణంలో తిరిగి ఇవ్వడానికి సాధారణంగా కొన్ని రోజుల గడువు ఉంటుంది.